చిమ్నీ గుండా పోయే గ్యాసు

పల్లీలు వేపే డ్రమ్మును దగ్గరగా చూసినవాళ్లకు కాఫీ రోస్టర్ కొత్త యంత్రంగా అనిపించదు. అడ్డంగా పడుకోబెట్టిన ఇనుప పీపా, దాన్ని తిప్పే మోటారు, కింద మంట, పైన పొగ పోయే గొట్టం. రెండూ ఒక కుటుంబంలోవే. హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి మీదున్న పెబ్బేరులో కాఫీ తోటలు లేవు. శనివారం సంతకు గొర్రెలు, ఎడ్లు వస్తాయి తప్ప కాఫీ బస్తాలు రావు. అయినా ఈ యంత్రం కథ చెప్పుకోవడానికి పెబ్బేరు తగిన చోటు. రోస్టర్ బతుకంతా వేడి కోసం పడిన పాట్లే. వేడికి సంబంధించిన మూడు వనరులు ఈ ఊరి చుట్టే ఉన్నాయి: యాసంగి పల్లీ పంట మిగిల్చే పొట్టు, ఏడాదిలో ఎక్కువ నెలలు కాసే ఎండ, కృష్ణ మీద జూరాల కరెంటు. వీటిలో ఏది కర్బన భారాన్ని నిజంగా తగ్గిస్తుందో లెక్క వేస్తే తప్ప తెలియదు.

మొదట్లో కాఫీని పెనం మీదే వేపేవారు. తర్వాత చేత్తో తిప్పే డబ్బాలు వచ్చాయి. వ్యాపారం పెరిగాక పెద్ద పీపాలు కావలసి వచ్చాయి. బోస్టన్‌కు చెందిన జేమ్స్ కార్టర్ 1846లో పేటెంట్ తీసుకున్న రోస్టర్‌లో పీపా మొత్తం ఇటుక పొయ్యిలో ఉండేది. గింజలు దించాలంటే కాలుతున్న పీపాను పొయ్యిలోంచి బయటకు లాగాలి. లాగిన ప్రతిసారీ పొయ్యి నోరు తెరుచుకుంటుంది, పీపా చల్లారుతుంది, మళ్లీ బొగ్గు పోయాలి. ఆ పొగలో, ఆ సెగలో నిలబడిన పనివాళ్ల కష్టం వేరే చెప్పాలా?

ఈ తంటాను తప్పించినవాడు జాబెజ్ బర్న్స్. లండన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడినవాడు. 1864లో ఆయన పేటెంట్ పొందిన పీపా లోపల రెండు మరల వరుసలుంటాయి. ఒకటి గింజల్ని ముందుకు తోస్తే, రెండోది వెనక్కి తోస్తుంది. అందువల్ల అన్ని గింజలకూ ఒకేలా వేడి తగులుతుంది. తలుపు తెరిస్తే పీపా తిరుగుతూనే గింజలు వాటంతటవే బయటకు జారతాయి. పీపా పొయ్యి మీదనుంచి కదలదు, మంట ఆరదు. బర్న్స్ బహుశా పనివాళ్ల శ్రమ, గింజ నాణ్యత గురించే ఆలోచించి ఉంటాడు. కానీ వృథాగా పోయే ఇంధనాన్ని కూడా ఆయన ఆపాడు. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1868లో, జర్మనీలోని ఎమ్మెరిచ్ పట్టణంలో పుట్టిన కంపెనీయే నేటి ప్రోబాట్. ఈ రోజు చిన్న కాఫీ దుకాణాల్లో కనిపించే డ్రమ్ములు చాలావరకు ఆ వంశంలోవే. 1970లలో అమెరికన్ రసాయన ఇంజినీరు మైకేల్ సివెట్జ్ మరో దారి పట్టాడు: పీపా లేదు, అడుగు నుంచి ఊదే వేడి గాలే గింజల్ని పైకి లేపి వేపుతుంది.

అసలు గింజకు ఎంత వేడి కావాలి? పచ్చి కాఫీ గింజలో 10–12 శాతం నీరుంటుంది. కిలో గింజల్ని 25 డిగ్రీల నుంచి 210 డిగ్రీల దాకా వేడెక్కించి, ఆ నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.6 మెగాజౌళ్లు చాలు. కిలో ఎల్‌పీజీలో సుమారు 46 మెగాజౌళ్లుంటాయి. అంటే కిలో గింజలకు కేవలం 13 గ్రాముల గ్యాసు సరిపోవాలి. సరిపోదు. మంట వేడిలో ఎక్కువ భాగం ఇనుమును కాచడానికి, గదిని వేడెక్కించడానికి, అన్నిటికన్నా ముఖ్యంగా చిమ్నీలోంచి బయటకు పోవడానికే ఖర్చవుతుంది.

దీన్ని కొలవడానికి ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు. సంతలో ఉండే కాటా చాలు. వేపడానికి ముందు సిలిండర్‌ను తూచాలి, దించాక మళ్లీ తూచాలి. 10 కిలోల పచ్చి గింజలు వేపితే సిలిండర్ 700 గ్రాములు తగ్గిందనుకుందాం. కిలో ఎల్‌పీజీ కాలితే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి అది 2.1 కిలోలు. గింజలు 16 శాతం బరువు తగ్గి 8.4 కిలోలుగా దిగుతాయి. అంటే వేపిన కిలోకు 250 గ్రాములు. గింజకు అవసరమైన దానికి ఐదింతలకు పైగా గ్యాసు కాలిందన్నమాట. ఈ రెండు తూకాలనూ రోజూ పుస్తకంలో రాసుకునే వ్యాపారికి తన డబ్బు ఎక్కడ పోతోందో నెల తిరక్కుండానే తెలుస్తుంది. రోజు మొదటి వాయికి పీపాను కాచడానికే బోలెడు గ్యాసు పోతుంది. పొద్దున ఒక వాయి, మధ్యాహ్నం ఒక వాయి వేసే బదులు వరసగా వేస్తే ఆ కాపు ఒక్కసారితో పోతుంది. పీపా సగం నింపి తిప్పినా ఇదే నష్టం. కొత్త యంత్రం కొనకముందే జరగాల్సిన పని ఇది. చాలామంది దీన్ని దాటవేసి కేటలాగులు తిరగేస్తారు, అది నాకు బాధగా ఉంటుంది.

వేపేటప్పుడు వచ్చే పొగను శుభ్రం చేయడమే రోస్టర్ జీవితంలో పెద్ద చిక్కు. పొగలో కంటిని, గొంతును మండించే పదార్థాలుంటాయి. పట్టణాల్లో నిబంధనలు పెరిగాక చిమ్నీకి ముందు ఆఫ్టర్‌బర్నర్ పెట్టారు. అది పొగను 700 డిగ్రీల దాకా కాచి, వాసనను, విషాన్ని కాల్చేస్తుంది. ఇరుగుపొరుగుకు మేలే. కానీ గింజను వేపడానికి పట్టే గ్యాసు కన్నా పొగను కాల్చడానికి పట్టే గ్యాసు ఎక్కువ కావచ్చు. దీనికి కాలిఫోర్నియాలోని లోరింగ్ కంపెనీ వెతికిన పరిష్కారం ముచ్చటైనది. ఒకే బర్నర్ పొగను కాల్చి శుభ్రం చేస్తుంది, ఆ వేడి గాలే తిరిగి గింజల దగ్గరకు పోయి వాటిని వేపుతుంది. ఆఫ్టర్‌బర్నర్ ఉన్న మామూలు రోస్టర్‌తో పోలిస్తే 80 శాతం దాకా ఇంధనం ఆదా అని ఆ కంపెనీ చెబుతుంది. ప్రోబాట్ హైడ్రోజన్‌తో నడిచే రోస్టర్ తయారుచేసింది. దాని మంటలో కర్బనం ఉండదు, కానీ హైడ్రోజన్‌ను దేనితో తయారుచేశారన్నది వేరే లెక్క.

కరెంటు రోస్టర్ పెడితే సరిపోదా అని ఎవరైనా అడుగుతారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. భారతదేశంలో గ్రిడ్ కరెంటు ఒక్క యూనిట్‌కు సగటున దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, ఎక్కువగా బొగ్గు వల్ల. అంతే వేడిని ఎల్‌పీజీతో తెస్తే 0.23 కిలోలు. అంటే మన దగ్గర కరెంటు రోస్టర్ గ్యాసు రోస్టర్ కన్నా మూడింతలు పొదుపుగా పనిచేస్తే తప్ప లాభం లేదు. యూరప్‌లో నీటి, అణు విద్యుత్తు ఎక్కువున్న దేశాల్లో రాసిన సలహాను ఇక్కడ యథాతథంగా అమలుచేస్తే భారం తగ్గకపోగా పెరుగుతుంది.

జూరాల పక్కనే ఉంది కదా, మనది నీటి కరెంటే కదా అన్న మాట వినిపిస్తుంది. జూరాలలో 234 మెగావాట్లు, దిగువ జూరాలలో 240 మెగావాట్లు ఉన్న మాట నిజం. కానీ అవి వరద వచ్చిన నెలల్లోనే బాగా తిరుగుతాయి. తీగలోకి పోయిన కరెంటు దేశమంతటి గ్రిడ్‌లో కలిసిపోతుంది. పెబ్బేరు మీటరు దగ్గర ఏ యూనిట్ నీటిదో, ఏది రామగుండం బొగ్గుదో చెప్పలేం. కప్పు మీది సోలార్ పలకల సంగతి వేరు. ఒక కిలోవాట్ పలకలు ఇక్కడ రోజుకు సుమారు 4 యూనిట్లిస్తాయి. కిలో గింజలకు అర యూనిట్ పట్టే కరెంటు రోస్టర్ ఉందనుకుంటే, 5 కిలోవాట్ల పలకలు రోజుకు 40 కిలోలు వేపడానికి సరిపోతాయి. ఎండ ఉన్నప్పుడే వేపాలి, అంతే.

ఇక పొట్టు. వంద కిలోల పల్లికాయ ఒలిస్తే 30 కిలోల దాకా పొట్టు వస్తుంది. సుమారు మూడు కిలోల పొట్టులో కిలో ఎల్‌పీజీలో ఉన్నంత వేడి ఉంటుంది. కాలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కానీ ఆ మొక్క అదే సీజన్‌లో గాలి నుంచి తీసుకున్నదే అది. అందుకే లెక్కల్లో దాన్ని వేరుగా రాస్తారు. వ్యర్థాన్ని ఇంధనంగా కాల్చడం కాఫీ పరిశ్రమకు కొత్త కాదు. దుగ్గిరాలలో 1994లో స్థాపించిన సీసీఎల్ ప్రాడక్ట్స్ మన తెలుగు నేల మీది పేరున్న ఇన్‌స్టంట్ కాఫీ కంపెనీ. కాఫీ సారం తీసేశాక మిగిలే పిప్పిని బాయిలర్‌లో కాల్చడం ఈ పరిశ్రమలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. పొట్టు కూడా ఆ కోవలోదే. అయితే పొట్టు మంటను నేరుగా గింజల కింద పెడితే పొగ రుచి పడుతుంది. ఆ మంటతో గాలిని విడిగా కాచి, శుభ్రమైన గాలినే పీపాలోకి పంపాలి. మసి ఊళ్లోకి పోకుండా ఫిల్టరూ కావాలి. అది లేకపోతే కర్బనం తగ్గించామని పక్కింటివాళ్ల ఊపిరితిత్తులు పాడుచేసినట్లే.

కాఫీ మొత్తం భారంలో వేపుడు వాటా చిన్నదే. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన కార్మెన్ నాబ్, మార్క్ మాస్లిన్ 2020లో ప్రచురించిన లెక్క ప్రకారం బ్రెజిల్, వియత్నాంల నుంచి బ్రిటన్ చేరే కిలో అరబికా పచ్చి గింజల మీద మామూలు పద్ధతిలో కార్బన్ డయాక్సైడ్ భారం 15.33 కిలోలు, జాగ్రత్తలు తీసుకుంటే 3.51 కిలోలు. తేడా ఎక్కువగా వచ్చింది విమానం మానేసి ఓడలో పంపడం వల్ల, ఎరువులు తగ్గించడం వల్ల. మన ఫిల్టర్ కాఫీకైతే పాల లెక్క కూడా ఉంది. ప్రపంచ సగటున లీటరు పాలకు సుమారు 3 కిలోలు. వేపేవాళ్ల చేతిలో ఇవేవీ లేవు. వాళ్ల చేతిలో ఉన్నది మంట, గింజలు కొనే చోటు. అందుకే వ్యాపారాల ఉద్గారాల లెక్క మూడు పద్దులుగా రాస్తారు: తాము కాల్చింది, కొన్న కరెంటు, మిగతా గొలుసంతా.

ఆ మూడో పద్దు దగ్గరే అరకు వస్తుంది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సిల్వర్ ఓక్ నీడలో, మిరియం తీగల పక్కన పెరిగే ఆ గింజ హైదరాబాద్‌కో పెబ్బేరుకో లారీలో వస్తుంది. ఓడ అక్కర్లేదు. అరకులో నాంది ఫౌండేషన్ గిరిజన రైతులతో దాదాపు 60 లక్షల చెట్లు నాటించింది. డబ్బు పెట్టినది లైవ్లీహుడ్స్ అనే కార్బన్ నిధి. బదులుగా ఆ చెట్లు పీల్చిన కర్బనానికి క్రెడిట్లు పెట్టుబడిదారులకు వెళతాయి. కాబట్టి అరకు గింజ కొన్న రోస్టర్ ఆ చెట్లను చూపించి తన గ్యాసును కొట్టేసుకోవడం కుదరదు. అదే టన్నును ఇద్దరు రాసుకున్నట్లవుతుంది. రోస్టర్ తన పద్దులో రాసుకోగలిగింది సిలిండర్ రెండు తూకాల మధ్య తేడానే.