తెలిసిన కథ, కొత్త ఆట: ఒక జపాన్ వీడియో గేమ్ రీమేక్‌కు విలువ కట్టడం

ఇంతకుముందు పాఠాల్లో నవల సినిమాగా మారినప్పుడు, నాటకం సినిమాగా మారినప్పుడు ఏమి జరుగుతుందో చదివారు. ఈ పాఠంలో ఒక వీడియో గేమ్ మళ్ళీ వీడియో గేమ్‌గానే మారిన సందర్భాన్ని పరిశీలిద్దాం. గేమ్ అనేది డిగ్రీ విద్యార్థి చదవదగిన విషయమేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. దానిపై ఇప్పుడు వాదన అక్కరలేదు. పాఠం పూర్తయ్యాక మీరే తేల్చుకోండి.

మనం తీసుకున్న ఉదాహరణ 'ఫైనల్ ఫాంటసీ 7'. జపాన్‌లోని స్క్వేర్ సంస్థ సోనీ ప్లేస్టేషన్ యంత్రం కోసం 1997 జనవరి 31న దీన్ని విడుదల చేసింది. ఆట మొత్తం మూడు సీడీల్లో వచ్చింది. ఆ సంస్థ 2003లో ఎనిక్స్ సంస్థతో కలిసి స్క్వేర్ ఎనిక్స్ అయింది. 'ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్' 2020 ఏప్రిల్ 10న వచ్చింది. పాత ఆటకు దర్శకత్వం వహించిన యోషినోరి కితసే కొత్తదానికి నిర్మాత. పాతదానిలో పాత్రల రూపురేఖలు గీసిన తెత్సుయ నోమురా కొత్తదానికి ప్రధాన దర్శకుడు. అంటే ఇరవై మూడేళ్ళ తర్వాత చాలావరకు ఆ మనుషులే తమ పనిని తాము తిరగరాశారు. రచయితే తన రచనను మార్చడం మన ప్రాంతానికి కొత్త కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ తన 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తానే తెచ్చుకొన్నది 1919లో మదనపల్లెలోనే. అయితే కర్త తానే మార్చాడు కాబట్టి మార్పు సరైనదే అయి ఉంటుందని అనుకోకండి. విలువ కట్టేటప్పుడు ఆ మొహమాటం పనికిరాదు.

భారతం మిట్ట దగ్గర నేర్చుకొన్నది

రీమేక్ గురించి సాధారణంగా వినబడే తీర్పులు రెండు. "పాతదే బంగారం" అన్నది ఒకటి, "బొమ్మలు ఎంత బాగున్నాయో" అన్నది మరొకటి. రెండూ తీర్పు చెప్పిన మనిషి వయసును తెలుపుతాయి గాని ఆట గురించి ఏమీ తెలపవు. ఇంతకంటే మెరుగైన కొలబద్ద మీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మీరు కురబలకోటలో ఉన్నా, పుంగనూరులో ఉన్నా, కుప్పంలో ఉన్నా, ఎండాకాలంలో ఏదో ఒక ఊరి ధర్మరాజుల గుడి దగ్గర భారతం చూసే ఉంటారు. పద్దెనిమిది రోజులు, మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. బకాసుర వధ నాడు భీముడు బండెక్కి ఊరు తిరుగుతాడు. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివర మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ నేల మీద పడుకొని ఉంటుంది.

ఆ మిట్ట మీద కూర్చున్నవారిలో కథ తెలియనివారు ఉండరు. అభిమన్యుడు చనిపోతాడని పిల్లలకు కూడా తెలుసు. అయినా ఏడాదికేడాది వస్తారు, కళ్ళు తుడుచుకొంటారు, మరునాడు టీ అంగడి దగ్గర ఖచ్చితమైన విమర్శ చేస్తారు. ఫలానా ఘట్టం తొందరగా లాగేశారని అంటారు, ఫలానా చోట హాస్యం ఎక్కువై దుఃఖం పలచబడిందని అంటారు. "నిరుటిలాగా లేదు" అన్నంత మాత్రాన వారికి సరిపోదు, ఏది లేదో చెప్పగలరు. ఒక మార్పును చూసి, ఆ మార్పు వల్ల కథలో ఏ బరువు ఎటు జరిగిందో చెప్పడమే విమర్శ. ఈ పాఠంలో మనం చేయబోయేది కూడా అదే.

రంగు వేయడం, మళ్ళీ కట్టడం

ముందు ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. 1957లో వచ్చిన 'మాయాబజార్' నలుపు తెలుపు చిత్రం. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ దానికి రంగులు వేయించగా 2010లో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. రంగు వచ్చినా నటులు వారే, దృశ్యాలు అవే. గేముల్లో ఇలాంటి పనిని రీమాస్టర్ అంటారు. ఫైనల్ ఫాంటసీ వరుసలోని మొదటి ఆరు ఆటలను 2021 నుంచి 'పిక్సెల్ రీమాస్టర్' పేరుతో విడుదల చేసింది ఈ పద్ధతిలోనే. దీన్ని అంచనా వేయడం తేలిక: శుభ్రం చేసే పనిలో ఏదైనా చెరిగిపోయిందా అని చూస్తే చాలు.

రీమేక్‌లో అన్నీ కొత్తగా కడతారు. అందులో కూడా తరతమాలు ఉన్నాయి. 1988లో ఎనిక్స్ విడుదల చేసిన 'డ్రాగన్ క్వెస్ట్ 3'కు 2024 నవంబరులో రీమేక్ వచ్చింది. అందులో లోకం అంతా దీపాల వెలుగులో పెట్టిన బొమ్మల కొలువులా లోతుగా కనబడుతుంది, పాత్రలు మాత్రం పాత తరహా చిన్న చుక్కల బొమ్మలుగానే ఉంటాయి, యుద్ధం కూడా ఒకరి తర్వాత ఒకరు వంతుల వారీగానే సాగుతుంది. ఇల్లు కొత్తగా కట్టి, పాత ద్వారబంధం తెచ్చి పెట్టినట్టు. ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ దారి వేరు. పునాది గీత కూడా మార్చి కట్టిన ఇల్లు అది. అందుకే దాన్ని ఎంచుకొన్నాం.

యుద్ధం: ఇక్కడ కొత్తది గెలిచింది

పాత ఆటలో మీరు నడుస్తూ ఉండగా తెర హఠాత్తుగా మారి శత్రువులు ఎదురవుతారు. ప్రతి పాత్రకూ ఒక కాలపు గీత ఉంటుంది. అది నిండాక దాడి, మంత్రం, మందు వంటి ఆజ్ఞల్లో ఒకటి ఎంచుకోవాలి. ఈ పద్ధతి 1991 నాటి 'ఫైనల్ ఫాంటసీ 4'తో మొదలైంది. యంత్రాల శక్తి తక్కువగా ఉన్న కాలపు ఆనవాయితీ అయినా, ఇది ఆటగాడిని నిలిచి ఆలోచించేలా చేసేది.

రీమేక్‌లో తెర మారదు. నడిచే వీధిలోనే పోరాటం, మీట నొక్కిన వెంటనే కత్తి దెబ్బ. కాని మామూలు దెబ్బలతో ఆ పాత గీత నిండుతుంది, అది నిండితేనే మంత్రమైనా మందైనా వాడగలరు. ఎంచుకొనే సమయంలో లోకమంతా దాదాపు ఆగిపోయినంత నెమ్మదిస్తుంది. చేతి వేగం నచ్చనివారికి 'క్లాసిక్' అనే ఏర్పాటు ఉంది. అందులో పాత్రలు తమంతట తామే కొట్టుకొంటూ ఉంటే మీరు ఆజ్ఞలు మాత్రం ఇస్తారు. పాతదాని ప్రాణం ఆలోచించే విరామంలో ఉందని గుర్తించి, దాన్ని కొత్త శరీరంలో నిలబెట్టారు. ఈ విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

ముఖాల సంగతి ఇంత సులువు కాదు. పాత ఆటలో మనుషులు డబ్బాలు పేర్చినట్టుండే చిన్న బొమ్మలు. మాట వినబడదు, అక్షరాల్లో కనబడుతుంది. తోలుబొమ్మకు ముఖ కవళిక మారదు కదా, అయినా చూసేవాడు అందులో కోపాన్ని, జాలిని చూసుకొంటాడు. ఆ ఖాళీని ఆటగాడే నింపుకొనేవాడు. రీమేక్‌లో ప్రతి ముఖానికీ కవళిక, ప్రతి మాటకూ గొంతు ఉన్నాయి. కొంత వచ్చింది, కొంత పోయింది.

బాంబు ఎవరిది?

ఇక కథ. మిడ్‌గార్ అనే మహానగరాన్ని షిన్రా అనే విద్యుత్ సంస్థ ఏలుతూ ఉంటుంది. భూమి ప్రాణశక్తిని తోడి కరెంటుగా అమ్ముతుంది. డబ్బున్నవారు ఆకాశంలో నిలిపిన ఉక్కు పళ్ళేల మీద, పేదలు వాటి నీడలో ఉంటారు. బారెట్ నాయకత్వంలోని అవలాంచ్ అనే చిన్న దళం, కిరాయి సైనికుడు క్లౌడ్‌తో కలిసి, ఒక విద్యుత్ కేంద్రాన్ని బాంబు పెట్టి పేల్చడంతో ఆట మొదలవుతుంది.

1997 ఆటలో ఆ పేలుడు పూర్తిగా వారిదే. మామూలు మనుషులు చనిపోతారు. కథ చాలా దూరం సాగాక, ఒక పాత్ర బారెట్‌ను ఆ మరణాల గురించి నిలదీస్తుంది. ఆటగాడికి కూడా అక్కడ గుండె తడబడుతుంది, ఎందుకంటే మీట నొక్కి ఆ బాంబు పెట్టింది తనే. రీమేక్‌లో దళం పెట్టిన బాంబు చిన్నగానే పేలుతుంది. ఆ వెంటనే షిన్రా తన యంత్రాల చేత కేంద్రాన్ని తానే ధ్వంసం చేయించి, నింద దళం మీద వేస్తుంది. ఇది దళానికి తెలియదు, మనకు తెలుసు. బాంబు తయారుచేసిన జెస్సీ, తన లెక్క ఎక్కడ తప్పిందోనని కుమిలిపోతుంది.

ఈ మార్పును రెండు వైపుల నుంచీ చూడాలి. జెస్సీ వేదన మనసును తాకుతుంది. పాత ఆటలో ఆమె, బిగ్స్, వెడ్జ్ పేర్లకే పరిమితమైన మనుషులు. ఇక్కడ ఆమె ఇల్లు, మంచం పట్టిన తండ్రి, నటి కావాలనుకొన్న కోరిక అన్నీ తెలుస్తాయి. కాని ఆటగాడి నేరం తేలికయింది. పాతది "నువ్వేం చేశావు?" అని అడిగితే, కొత్తది "పాపం, వాళ్ళకు తెలియదు" అని ఓదారుస్తుంది.

అదే ధోరణి ఏడో విభాగం దగ్గర కూడా కనబడుతుంది. దళాన్ని అణచడానికి షిన్రా ఆ విభాగం మీది పళ్ళేన్ని కింది పేదల ఇళ్ళపై కూల్చివేస్తుంది. ఈ ఘట్టానికి ముందు రీమేక్ మనల్ని ఆ వీధుల్లో గంటల కొద్దీ తిప్పుతుంది. పిల్లులను వెతికిపెట్టే పనులు కూడా ఉంటాయి (ఇవి కొంత విసిగిస్తాయి, దాచడం ఎందుకు). ఆ పరిచయం వల్ల కూలే క్షణం పాతదానికంటే భయంకరంగా ఉంటుంది. తీరా తర్వాత చాలామంది ముందే తప్పించుకొన్నారని, పోయారనుకొన్నవారిలో కొందరు మిగిలే ఉన్నారని తెలుస్తుంది. ప్రేమను పెంచి నష్టాన్ని తగ్గించడం బేరం లాంటిది. భారతం మిట్ట మీద దీన్ని ఒప్పుకొంటారా?

ఊరి పొలిమేర

పాత ఆటలో మిడ్‌గార్ భాగం మొదటి కొద్ది గంటల్లోనే అయిపోతుంది. అంతవరకు ఆ నగరమే మొత్తం కథ అనుకొన్న ఆటగాడు గోడ దాటగానే కొండలు, సముద్రాలు ఉన్న లోకపు పటం కనబడుతుంది. ఇంతసేపూ తిరిగింది ఒక మూల మాత్రమేనని అప్పుడు తెలుస్తుంది. ఆ విస్మయం నగరం చిన్నదిగా ఉండటం వల్లే సాధ్యమైంది.

రీమేక్ ఆ కొద్ది గంటలను ముప్పై, నలభై గంటలకు పెంచి, నగరం దాటే చోట ముగిసిపోతుంది. తర్వాతి భాగం 'రీబర్త్' కోసం 2024 ఫిబ్రవరి 29 వరకు ఆగవలసి వచ్చింది, అది కూడా మరో యంత్రం మీద. ఒక అడుగు దూరంలో ఉన్న ఆశ్చర్యాన్ని నాలుగేళ్ళ దూరానికి జరిపారు. వివరాలు పెరిగాయి, కొలత పోయింది. నా అంచనాలో రీమేక్‌కు జరిగిన అసలు నష్టం ఇదే. దీన్ని ఏ అందమైన బొమ్మా పూడ్చలేదు.

అభిమన్యుడు బతికితే?

రీమేక్‌లో పాతదానిలో లేని బూడిదరంగు ముసుగు దయ్యాలు తిరుగుతూ ఉంటాయి. కథ పాత దారి తప్పబోయినప్పుడల్లా అవి వచ్చి అడ్డుపడి మళ్ళీ అదే దారిలో పెడతాయి. వాటిని విధి కాపలాదారులు అనుకోండి. చివర క్లౌడ్ బృందం వాటితోనే పోరాడి గెలుస్తుంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, పాత ఆటలో ఏరిత్ అనే పూలమ్మే అమ్మాయిని సెఫిరోత్ చంపుతాడు. మొదటి సీడీ చివర, హెచ్చరిక లేకుండా. మందులున్నాయి, మంత్రాలున్నాయి, ఆటగాడు అంతవరకు ఎందరినో లేపి నిలబెట్టాడు, ఆమెను మాత్రం లేపలేడు. 1997లో అదొక దెబ్బ. 2020 నాటికి అది లోకానికంతా తెలిసిన సంగతి. తెలిసిన చావును దెబ్బగా మళ్ళీ కొట్టడం కుదరదు. భారతం మేళంవారికి ఈ ఇబ్బంది లేదు. వారు ఆశ్చర్యం మీద ఆధారపడరు, జరగబోయేది తెలిసి కూడా కూర్చోబెట్టే శోకం మీద ఆధారపడతారు. రీమేక్ మూడో దారి తొక్కింది. జరుగుతుందో లేదో అన్న అనుమానాన్ని నాటింది. పద్మవ్యూహం రాత్రి భాగవతులు "ఈ ఏడు అభిమన్యుడు బయటికి రావచ్చు" అని సూచిస్తే మిట్ట మీద ఏమవుతుందో ఊహించండి. కొందరు లేచి నిలబడతారు, కొందరు లేచి వెళ్ళిపోతారు. ఆటగాళ్ళు కూడా అలాగే చీలిపోయారు.

నేను ఈ ఎత్తుగడను పూర్తిగా తోసిపుచ్చను. పాత కథను మార్చవద్దనే అభిమానుల ఒత్తిడికే రూపం ఇచ్చి, దాన్ని కథలో శత్రువుగా నిలబెట్టడంలో తెలివి ఉంది. అయితే పాత ఆట ఎరగనివారికి ఆ దయ్యాలు అర్థం కావు. తన మూలం తెలిసినవారికి మాత్రమే అర్థమయ్యే రీమేక్ మూలానికి బదులుగా నిలబడలేదు, దాని పక్కన ఉంచిన వ్యాఖ్యానంగా నిలబడుతుంది. వ్యాఖ్యానంగా అది గొప్పదే.

అభ్యాసం

ప్లేస్టేషన్ ఉన్న ఇల్లు మన పల్లెల్లో అరుదు. పాత ఆట మాత్రం మొబైల్ ఫోనుల్లో ఆడుకొనే రూపంలో దొరుకుతుంది. ఎవరో ఆడుతుండగా తీసిన యూట్యూబ్ వీడియోల్లో రీమేక్‌ను చూడవచ్చు. వీడియో చూసినవారు కథ గురించి, ముఖాల గురించి, సంగీతం గురించి రాయండి. యుద్ధ పద్ధతి గురించి మాత్రం రాయకండి, అది చేతితో తెలియవలసిన విషయం. మీ జవాబులో ఏది ఆడారో, ఏది చూశారో మొదటి వాక్యంలోనే చెప్పండి.

మొదటి విద్యుత్ కేంద్రం ఘట్టాన్ని రెండింటిలోనూ చూసి, పేలుడు తర్వాతి పది నిమిషాల్లో ఆటగాడి మీద పడే బాధ్యత ఎలా మారిందో రెండు పుటల్లో రాయండి. గేములు అసలు అందుబాటులో లేనివారు మీ దగ్గరి ఊళ్ళో భారతం చూసిన ఇద్దరు పెద్దవారిని అడిగి, తమ చిన్నతనం నాటి ప్రదర్శనకు ఇప్పటిదానికి తేడా వచ్చిన ఒకే ఒక్క ఘట్టాన్ని ఎంచుకొని అదే పద్ధతిలో రాయవచ్చు. "బాగుంది", "బాగాలేదు" అనే మాటలు వాడిన జవాబులకు మార్కులు తగ్గుతాయి.