సిస్సూ వృక్షం: లక్షణాలు, నేల ఎంపిక

హిమాలయ పాదాల వెంట, సింధు నది మొదలు అస్సాం వరకు, నదులు మేట వేసిన ఇసుక, గులకరాళ్లపై తొలుత మొలిచే వృక్షాలలో సిస్సూ ఒకటి. సాధారణంగా 900 మీటర్లు, అక్కడక్కడ 1,500 మీటర్ల ఎత్తు వరకు ఇది సహజంగా పెరుగుతుంది. సండ్ర చెట్లతో కలిసి నదీతీర అడవులను ఏర్పరుస్తుంది. ఆదిభట్ల, ఇబ్రహీంపట్నం ప్రాంతాల్లో గట్లపై కలప చెట్లు నాటదలచిన రైతులు ఈ పుట్టుకను గుర్తుంచుకోవాలి.

చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ వృక్షం శాస్త్రీయ నామం డాల్బెర్జియా సిస్సూ. ఈ పేరును సూచించిన విలియం రాక్స్‌బర్గ్, 1793లో కలకత్తా ఉద్యానవనానికి వెళ్లక ముందు సామర్లకోటలో మొక్కలపై పరిశోధన చేశారు.

సిస్సూ ఆకురాల్చే వృక్షం. అనుకూల పరిస్థితుల్లో 30 మీటర్ల వరకు పెరుగుతుంది. సంయుక్త పత్రంలో 3 నుంచి 5 పత్రకాలు ఒకదాని తరువాత ఒకటిగా అమరి ఉంటాయి. పత్రాక్షం వంకరటింకరగా సాగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో లేత పసుపు ఛాయ గల చిన్న తెల్లని పూలు పూస్తాయి. కాయలు పలుచగా, పట్టీవలె ఉండి 1 నుంచి 4 విత్తనాలను కలిగి ఉంటాయి.

మన అడవుల్లోని జిట్రేగి ఇదే ప్రజాతికి చెందినది. దాని పత్రకాల కొన మొద్దుగా లేదా కొద్దిగా నొక్కు పడి ఉంటుంది. సిస్సూ పత్రకాల కొన సన్నగా సాగి ఉంటుంది. నారు కొనేటప్పుడు ఈ తేడాను పరిశీలించాలి.

వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. వేర్ల నుంచి పిలకలు కూడా వస్తాయి. అందువల్ల కోతకు గురయ్యే గట్లను ఇది పట్టి ఉంచుతుంది. అయితే పిలకలు పంటలోకి చొరబడకుండా గట్టు పక్కన కందకం తీయడం మంచిది.

నీరు, గాలి రెండూ అందే ఇసుక నేల దీనికి అలవాటు. నీరు నిలిచే బంకనేలల్లో వేర్లకు గాలి అందక చెట్టు బలహీనపడుతుంది. అప్పుడు ఫ్యుజేరియం శిలీంధ్రం వల్ల కలిగే ఎండు తెగులు సులభంగా సోకుతుంది. 1990లలో బీహార్, నేపాల్, బంగ్లాదేశ్‌లలో సిస్సూ తోటలు పెద్ద ఎత్తున ఎండిపోయాయి.

కాబట్టి నీరు ఇంకే ఎర్ర చల్కా నేలలను ఎంచుకోవాలి. చెరువు కింది బంకమట్టి పల్లాలను విడిచిపెట్టాలి. నాటే ముందు గుంత తీసి నీరు పోసి చూడాలి. మరునాటికీ నీరు ఇంకకపోతే ఆ చోటు సిస్సూకు తగినది కాదు.