అద్దె బండి.. అవగాహనే అండ
తాళం ఫోన్లోనే.. బాధ్యత మాత్రం నడిపేవారిదే

కరీంనగర్, ఆదిలాబాద్: చేతిలో ఫోను ఉంటే చాలు, దుకాణదారుతో పని లేకుండానే దారి పక్కన నిలిపి ఉన్న విద్యుత్తు స్కూటరును తీసుకుని వెళ్లే సౌకర్యం మహానగరాల్లో వచ్చి కొన్నేళ్లయింది. చదువులకు, కొలువులకు హైదరాబాద్, బెంగళూరు వెళ్తున్న ఉభయ జిల్లాల యువత వీటిని విరివిగా వాడుతోంది. అయితే నిబంధనలు తెలియక కొందరు చేతిచమురు వదిలించుకుంటున్నారు. మరికొందరు చట్టం చిక్కుల్లో పడుతున్నారు. ఈ నేపథ్యంలో అద్దె బండి తీసుకునేవారు తెలుసుకోవాల్సిన అంశాలపై కథనం.

కొత్త సీసాలో పాత సారా
నిజానికి కిరాయి బండి మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, కాగజ్‌నగర్ వంటి పట్టణాల్లో ఒకనాడు వీధికో కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. గంటకు ఇంతని లెక్క. నోటుపుస్తకంలో పేరు, తీసుకున్న సమయం రాసుకుని సైకిలు ఇచ్చేవారు. ముఖపరిచయమే పూచీకత్తు. ‘ఫలానావారి అబ్బాయి’ అంటే చాలు, బండి చేతికి వచ్చేది. ఇంటింటికీ మోటారు సైకిలు రావడంతో ఆ దుకాణాలు కనుమరుగయ్యాయి. నేటి పద్ధతిలో ఆ నోటుపుస్తకం స్థానంలో యాప్, ముఖపరిచయం స్థానంలో ఫోను నంబరు, ముందస్తు సొమ్ము వచ్చి చేరాయి. తేడా ఒక్కటే. ఆలస్యమైతే ఆ దుకాణదారు ‘పోనీలే’ అని వదిలేసేవాడు. యాప్‌కు ఆ మొహమాటం లేదు.

ప్రజలందరూ వాడుకునే సైకిళ్ల ఆలోచన 1965లో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డాంలో మొదలైంది. తెల్లరంగు వేసిన సైకిళ్లను తాళం లేకుండా వీధుల్లో ఉంచారు. ఆ ప్రయత్నం ఎంతోకాలం నిలవలేదు. 2007లో పారిస్ నగరం స్టాండ్లు, కార్డులతో పెద్దఎత్తున ప్రారంభించాక ప్రపంచమంతా పాకింది. మన దేశంలో మైసూరు, భోపాల్ నగరాలు 2017లో సైకిళ్లతో శ్రీకారం చుట్టాయి. అదే ఏడాది నవంబరులో హైదరాబాద్ మెట్రో రైలు ప్రారంభమైన తర్వాత స్టేషన్ల వద్ద అద్దె సైకిళ్లు, స్కూటర్లు కనిపించసాగాయి. స్టేషను నుంచి ఇంటికో, కార్యాలయానికో మిగిలే ఆ చివరి ఒకటి రెండు కిలోమీటర్లే వీటికి ఆధారం. కరీంనగర్ బస్సు దిగే జూబ్లీ బస్టాండు వద్దకు 2020 ఫిబ్రవరిలో మెట్రో రావడంతో మన ప్రయాణికులకూ ఈ అవసరం తెలిసివచ్చింది.

తీసుకునేది ఎలా?
ముందుగా సంస్థ యాప్‌ను ఫోన్‌లోకి దించుకోవాలి. నంబరుకు వచ్చే ఓటీపీతో పేరు నమోదు చేసుకోవాలి. వేగంగా వెళ్లే స్కూటరైతే డ్రైవింగ్ లైసెన్సు ఫొటో కూడా అడుగుతారు. కొంత సొమ్ము ముందుగా జమచేశాక దగ్గరలో ఉన్న బండ్లు పటంలో కనిపిస్తాయి. బండిపై ఉన్న క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో చూపితే తాళం తెరుచుకుంటుంది.

తాళం తీయకముందే నాలుగు వైపులా ఫొటోలు తీసుకోవడం ఎంతో మేలు. అంతకుముందే పడిన గీతకు, విరిగిన అద్దానికి మీ నుంచి సొమ్ము రాబట్టకుండా అదే సాక్ష్యం. బ్రేకులు, లైటు, చక్రాల్లో గాలి చూసుకోవాలి. బ్యాటరీలో ఎంత మిగిలి ఉందో, దానితో ఎన్ని కిలోమీటర్లు పోవచ్చో యాప్‌లోనే ఉంటుంది. ఇద్దరు ఎక్కితే, ఫ్లైఓవరు ఎక్కాల్సి వస్తే ఆ దూరం తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. చాలా చిన్న బండ్లు ఒక్కరి కోసమే తయారైనవి. వాటిపై ఇద్దరెక్కడం నిబంధనలకు విరుద్ధం.

జేబుకు చిల్లు ఇక్కడే
ఎక్కువ మంది నష్టపోతున్నది బండి తీసుకునేటప్పుడు కాదు, వదిలేటప్పుడు. పని ముగిసిందని బండిని గోడకు ఆనించి వెళ్లిపోతే సరిపోదు. నిర్దేశించిన స్థలంలో నిలిపి, తాళం వేసి, యాప్‌లో ప్రయాణం ముగించినట్లు నమోదు చేయాలి. లేదంటే మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఉదాహరణకు తాళం తీసినందుకు రూ.10, ఆపై నిమిషానికి రూ.2 అనుకుందాం. పావుగంట ప్రయాణానికి రూ.40 అవుతుంది. ముగింపు నమోదు చేయడం మరచి రెండు గంటల పాటు సినిమాలో కూర్చుంటే మరో రూ.240 పోతుంది. ఆ సొమ్ముతో ఆటోలో దర్జాగా తిరిగి రావచ్చు! హద్దు దాటి నిలిపితే అదనపు రుసుము వేరు. కాబట్టి బండి ఎక్కే ముందే దిగే చోట నిలిపే స్థలం ఉందో లేదో పటంలో చూసుకోవాలి. సొమ్ము మినహాయించిన సందేశం వచ్చే వరకు అక్కడి నుంచి కదలకపోవడం ఉత్తమం.

లైసెన్సు ఎవరికి?
ఈ విషయంలో అపోహలు ఎక్కువ. మోటారు సామర్థ్యం 0.25 కిలోవాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, నిబంధనల ప్రకారం ఆమోదం పొందిన బ్యాటరీ బండిని చట్టం మోటారు వాహనంగా పరిగణించదు. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. ‘విద్యుత్తు బండికి లైసెన్సే అవసరం లేదు’ అన్న ప్రచారం ఇక్కడి నుంచే పుట్టింది. అంతకు మించిన వేగంతో వెళ్లే స్కూటరుకు మాత్రం పెట్రోలు బండికి ఉన్న నిబంధనలన్నీ వర్తిస్తాయి. లైసెన్సు, శిరస్త్రాణం, బీమా తప్పనిసరి.

తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించాల్సింది మరొకటి ఉంది. తమ పేరిట యాప్ తెరిచి పిల్లలకు ఫోను ఇచ్చేవారు లేకపోలేదు. మైనరు మోటారు వాహనం నడుపుతూ నేరానికి పాల్పడితే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా విధించే వీలు 2019 సవరణతో వచ్చింది. ప్రమాదం జరిగితే బీమా అందడమూ కష్టమే. చిన్న బండికి శిరస్త్రాణం చట్టప్రకారం అక్కర్లేకున్నా తల మాత్రం అదే కదా! హాస్టళ్లలో ఉండే విద్యార్థులు సొంతంగా ఒకటి కొనుక్కోవడం మంచిది.

బ్యాటరీతో చెలగాటం వద్దు
2022 ఏప్రిల్‌లో పొరుగునే ఉన్న నిజామాబాద్‌లో ఓ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి వృద్ధుడు మృతిచెందారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లోని ఓ లాడ్జి భవనం కింద విద్యుత్తు స్కూటర్ల షోరూంలో మంటలు రేగి, పై అంతస్తుల్లో బస చేసిన ఎనిమిది మంది పొగకు, మంటలకు బలయ్యారు. ఈ తరహా ఘటనల దరిమిలా కేంద్రం బ్యాటరీల పరీక్షా ప్రమాణాలను కఠినతరం చేసింది. అద్దె బండి బ్యాటరీని గదికి తెచ్చి సొంతంగా ఛార్జింగ్ పెట్టరాదు. బ్యాటరీ ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా బండిని ఖాళీ స్థలంలో నిలిపి, దూరంగా జరిగి సంస్థ సిబ్బందికి తెలియజేయాలి.

మన పట్టణాలకు వస్తే..
కరీంనగర్ 2017లో ఆకర్షణీయ నగరాల జాబితాలో చోటు దక్కించుకుంది. తీగల వంతెన వచ్చింది, రోడ్లు కొంత మెరుగయ్యాయి. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించిన విధానం మేరకు విద్యుత్తు వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల నుంచి మినహాయింపు లభించింది. బస్టాండు నుంచి శాతవాహన విశ్వవిద్యాలయానికి వెళ్లే విద్యార్థులు, రైల్వేస్టేషన్ నుంచి ఊర్లోకి వచ్చే ప్రయాణికులు ఉన్నారు కాబట్టి ఇలాంటి సేవకు గిరాకీ లేదనలేం. కానీ టవర్ సర్కిల్ పరిసరాల్లో సొంత బండి నిలపడానికే చోటు కరవు. గ్రానైటు లారీలు తిరిగే దారుల్లో పాతిక కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న బండికి రక్షణ ఏమిటన్నది ముందు తేల్చాలి. ఆదిలాబాద్‌లో వేసవి ఎండలు మరో పరీక్ష. అధిక వేడిలో లిథియం బ్యాటరీల ఆయువు తగ్గుతుంది. నీడ లేని స్టాండ్లలో రోజంతా బండ్లను నిలిపితే అవి ఎక్కువ కాలం మన్నవు. షేర్ ఆటోలపై బతికే కుటుంబాల సంగతీ విస్మరించరానిది.

నిలిపే చోటు తేల్చకుండా బండ్లు దించితే ఏమవుతుందో పారిస్ చూపింది. కాలిబాటలపై అడ్డదిడ్డంగా పడి ఉండే అద్దె స్కూటర్లతో విసిగిన ఆ నగరంలో 2023 ఏప్రిల్‌లో ఓటింగు నిర్వహించారు. పాల్గొన్నవారు తక్కువే అయినా అందులో దాదాపు 89 శాతం వద్దన్నారు. ఆగస్టు నెలాఖరుకల్లా అక్కడ అద్దె స్కూటర్లు లేకుండా పోయాయి. ఇక్కడ ఏ సంస్థ వచ్చినా నగరపాలక సంస్థ మొదట స్టాండ్ల స్థలాలు గుర్తించి, ఆ తర్వాతే అనుమతి ఇవ్వడం సబబు.

యాప్‌లను ఫోన్లోని అధికారిక స్టోరు నుంచే దించుకోవాలి. ముందస్తు సొమ్ము వాపసు ఇస్తామంటూ వచ్చే లింకులను తెరవరాదు. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. మోసపోయినట్లు గుర్తిస్తే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.