లైసోజైమ్: కన్నీటి నుంచి ప్రయోగశాల సీసాలోకి

మనిషి కన్నీటిలో, లాలాజలంలో, చనుబాలలో, ముక్కు స్రావంలో లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థకు చెందిన న్యూట్రోఫిల్, మాక్రోఫేజ్ కణాలు కూడా దీన్ని తయారుచేస్తాయి. కొత్త సూక్ష్మజీవిని ఎదుర్కొనే యాంటీబాడీలు సిద్ధం కావడానికి శరీరానికి రోజులు పడుతుంది. లైసోజైమ్ మాత్రం ఎప్పుడూ సిద్ధంగానే ఉండి, బ్యాక్టీరియా తగలగానే పని మొదలుపెడుతుంది. ఈ మానవ ఎంజైమ్‌ను ఇప్పుడు ఈస్ట్‌లోనో బ్యాక్టీరియాలోనో తయారుచేసి పరిశోధనకు వాడుతున్నారు. అలా తయారైనదే రీకాంబినెంట్ మానవ లైసోజైమ్.

లైసోజైమ్ ఉనికిని 1921లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనిపెట్టాడు. జలుబు చేసిన తన ముక్కు స్రావాన్ని బ్యాక్టీరియాపై పరీక్షిస్తే, ఆ బ్యాక్టీరియా కరిగిపోయింది. కన్నీటికీ అదే గుణం ఉందని తేలడంతో, నిమ్మతొక్క రసం కళ్లలో పడేలా పిండి మరీ కన్నీళ్లు సేకరించి పరీక్షలు చేశాడు. ఆ ఫలితాలను 1922లో ప్రకటించాడు. పెన్సిలిన్‌ను ఆయన గుర్తించింది ఆ తర్వాత, 1928లో.

బ్యాక్టీరియా చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో కట్టిన కణకవచం ఉంటుంది. ఇందులో రెండు రకాల చక్కెర అణువులు ఒకటి విడిచి ఒకటిగా గొలుసుకట్టుగా ఉంటాయి. లైసోజైమ్ తెంచేది వాటి మధ్య బంధాన్నే. కవచం బలహీనపడితే లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. మనిషి కణాలకు ఇలాంటి కవచం లేదు కాబట్టి వాటికి హాని ఉండదు. ఈ.కోలి వంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాకు కవచం పైన మరో పొర అడ్డుగా ఉండటంతో, వాటిపై లైసోజైమ్ ప్రభావం తక్కువ. కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ త్రిమితీయ నిర్మాణాన్ని 1965లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో డేవిడ్ ఫిలిప్స్ బృందం ఎక్స్-రేల సాయంతో ఆవిష్కరించింది. ఎక్స్-రేల ద్వారా నిర్మాణం బయటపడిన మొట్టమొదటి ఎంజైమ్ ఇదే.

గుడ్డు లైసోజైమ్ చవకగా దొరుకుతుంది. ప్రయోగశాలల్లో బ్యాక్టీరియాను పగలగొట్టే పనికి అది చాలు. అయితే అందులో ఉండేవి 129 అమైనో ఆమ్లాలు, మానవ లైసోజైమ్‌లో 130. రెండింటి వరుసల్లో పోలిక సుమారు 60 శాతమే. మనిషి రోగనిరోధకతను, మనిషి జబ్బులను పరిశీలించాలంటే మానవ ప్రోటీనే కావాలి. దాన్ని చనుబాల నుంచో కన్నీటి నుంచో తీయాలంటే దొరికేది కొంచెం, వెంట వచ్చే ఇతర ప్రోటీన్లు ఎన్నో. వైరస్‌ల భయం కూడా ఉంటుంది.

మానవ లైసోజైమ్ జన్యువు 12వ క్రోమోజోమ్‌పై ఉంది. ఆ జన్యు సమాచారాన్ని ప్లాస్మిడ్ అనే వలయాకార డీఎన్ఏలో చేర్చి, ఎంచుకున్న సూక్ష్మజీవిలోకి పంపుతారు. అసలు చిక్కు ప్రోటీన్ మడతపడటంలో ఉంది. ఈ అణువులోని ఎనిమిది సిస్టీన్లు జతలుగా కలిసి నాలుగు డైసల్ఫైడ్ బంధాలు ఏర్పడాలి. ఈ.కోలి కణం లోపల ఆ బంధాలు సరిగా ఏర్పడవు. ప్రోటీన్ పనికిరాని ముద్దలుగా పేరుకుంటుంది. ఆ ముద్దలను రసాయనాలతో విప్పి, మళ్లీ నెమ్మదిగా సరైన ఆకారంలోకి తేవాలి. పిచియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌తో ఈ శ్రమ తగ్గుతుంది. అది ప్రోటీన్‌ను సరిగా మడతపెట్టి బయటి ద్రవంలోకి వదులుతుంది. హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా తయారీకి వాడింది కూడా ఈ ఈస్ట్‌నే.

శుద్ధి చేసిన ప్రోటీన్‌ను జెల్ మీద నడిపితే 14.7 కిలోడాల్టన్ల దగ్గర ఒకే గీత కనిపించాలి. అంతటితో పరీక్ష పూర్తికాదు, అది పనిచేస్తోందా లేదా అన్నది కూడా చూడాలి. మైక్రోకాకస్ బ్యాక్టీరియా కలిపిన నీరు మజ్జిగ తేటలా మసకగా ఉంటుంది. అందులో ఎంజైమ్ కలపగానే బ్యాక్టీరియా కరిగి నీరు తేటపడటం మొదలవుతుంది. 450 నానోమీటర్ల కాంతి దగ్గర ఆ మసక నిమిషానికి 0.001 చొప్పున తగ్గితే, అది ఒక యూనిట్ ఎంజైమ్ చేసే పని. ఈ.కోలిలో తయారైన ప్రోటీన్‌కు మరో పరీక్ష కూడా అవసరం. ఆ బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ కొద్దిగా మిగిలినా రోగనిరోధక కణాలు రెచ్చిపోతాయి, అది లైసోజైమ్ ప్రభావమేనని పరిశోధకులు పొరబడే ప్రమాదం ఉంది.

రీకాంబినెంట్ పద్ధతిలోని పెద్ద లాభం, కోరిన చోట ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి చూడగలగడం. లైసోజైమ్ జన్యువులోని మార్పుల వల్ల కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా అమైలాయిడోసిస్ అనే జబ్బు వస్తోందని 1993లో తేలింది. ఈ జబ్బులో ప్రోటీన్ పోగులుగా మారి మూత్రపిండాలు, కాలేయం వంటి అవయవాల్లో పేరుకుంటుంది. 56వ స్థానంలో ఐసోల్యూసిన్ బదులు థ్రియోనిన్, 67వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం బదులు హిస్టిడిన్ చేరడం అప్పుడు గుర్తించిన మార్పులు. అవే మార్పులున్న ప్రోటీన్లను ప్రయోగశాలలో తయారుచేసి పరిశీలించినప్పుడు, మామూలు లైసోజైమ్ కంటే అవి తేలిగ్గా మడత విప్పుకుంటాయని, అలా విప్పుకున్న అణువులే ఒకదానికొకటి అతుక్కుంటాయని వెల్లడైంది.

రీకాంబినెంట్ మానవ లైసోజైమ్ సాధారణంగా తెల్లని పొడి రూపంలో, చిన్న సీసాల్లో వస్తుంది. చల్లగా నిల్వ చేయాలి. కరిగించాక పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే దాని పని తగ్గుతుంది. ‘పరిశోధనకు మాత్రమే’ అన్న ముద్ర ఉన్న సీసాలోనిది మందు కాదు. మనుషుల మీద వాడటానికి కావలసిన భద్రతా పరీక్షలు దానికి జరగలేదు కాబట్టి, దాని చోటు ప్రయోగశాలే.