సేద్యమునకు పాత స్మార్టు ఫోను ఎంతవరకు అక్కరకు వచ్చును?

పట్నములో చదువుకొనుచున్న కుమారుడో, ఉద్యోగము చేయుచున్న అల్లుడో క్రొత్త ఫోను కొనుక్కొని, తన పాత ఫోనును ఊరికి పంపుట నేడు ప్రతి గ్రామమునందును చూచుచున్నాము. "సార్, దీంతో ఆకు ఫోటో తీసి పంపితే తెగులేందో చెప్తారా?" అని మీరు అడుగుచుందురు. గ్రామోద్యోగులును ఇదే ప్రశ్న వేయుచుందురు. చెప్పవచ్చును. చెప్పి మీకు నష్టమును కూడ కలిగించవచ్చును. నేనట్లు ఒకసారి చేసితిని గనుక ఈ సంగతి కొంత వివరముగా వ్రాయుచున్నాను.

తెరను వ్రేలితో తాకి పని చేయించు ఫోను నిన్న మొన్న పుట్టినది కాదు. ఐ.బి.ఎం. కంపెనీ అట్టి ఫోనును 1994లోనే అమెరికాలో అమ్మినది. కాని ఈ ఫోనులు లోకమంతట ప్రాకుట 2007లో ఐఫోను, 2008లో ఆండ్రాయిడ్ ఏర్పాటు గల మొదటి ఫోను వచ్చిన తరువాతనే. మన పల్లెలకు వచ్చుసరికి మరి మూడు నాలుగేండ్లు పట్టినది.

నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో, 2012లో, జీతపు డబ్బుతో అట్టి ఫోను ఒకటి కొంటిని. కంపెనీ పేరు ఇచ్చట అనవసరము. ఆ ధరకు ఆనాడు దొరికిన ఫోనులన్నియు ఇంచుమించు ఒకే తీరున నుండెడివి. మూడంగుళముల తెర, రెండు మెగాపిక్సెళ్ళ కెమెరా, 1200 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ, ఆండ్రాయిడ్ 2.3. లోపలి జాగా ఎంత తక్కువనగా, నాలుగు అప్లికేషన్లు వేసిన పిదప ఐదవది వేయబోవగా "చోటు లేదు" అని మొరాయించెడిది. ఐదవది కావలెనన్న మొదటి నాల్గింటిలో ఒకదానిని తీసివేయవలెను. ఇరుకు కొట్టములో గొడ్లను కట్టుకొన్నట్లే.

అయినను ఆ ఫోను నాకు చేసిన మేలు తక్కువ కాదు. అందులో ఎఫ్.ఎం. రేడియో ఉండెను. ఇయర్ ఫోను తీగయే ఏరియలుగా పనిచేయును గనుక దానిని తగిలించిన చాలును, ఇంటర్నెట్టు అక్కరలేదు, పైకము అక్కరలేదు. గట్టు మీద కూర్చుండి ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమమును ఎన్నియోసార్లు వింటిని. లెక్కల యంత్రము మరియొక మేలు. ఎకరమునకు 200 లీటర్ల ద్రావణము, లీటరుకు 3 గ్రాముల మందు అన్నపుడు మొత్తము 600 గ్రాములు అని రైతు ఎదుటనే వేసి చూపినచో, "మూత నిండా పోస్తే సరిపోద్దిలే" అను అలవాటు కొంత తగ్గెడిది. వెనుక మూత గోటితో ఊడదీసి బ్యాటరీ మార్చుకొనుటకు వీలుండెను. నేను జేబులో రెండవ బ్యాటరీ ఉంచుకొని గ్రామములకు పోయెడివాడను. నేటి ఖరీదైన ఫోనులలో పెక్కింటికి ఈ సౌకర్యము లేదు.

ఇక లోపములు. మిట్టమధ్యాహ్నము పొలములో తెర కనబడదు. తల మీది తువ్వాలును ఫోను మీదుగా కప్పుకొని, అందులోనికి తొంగి చూచినగాని అక్షరము తెలియదు. ఈ తెర వ్రేలు తాకినపుడు తన విద్యుత్ క్షేత్రములో కలుగు స్వల్ప మార్పును గ్రహించి పనిచేయును. అందుచే తడి చేతితో తాకినచో ఒకటి నొక్కగా మరొకటి తెరచుకొనును. నాగలి పట్టి కాయలు కాచిన వ్రేళ్ళకు ఒక్కొక్కసారి పలుకనే పలుకదు. "నా వేలంటే దానికి గిట్టదు సార్" అని ఒక పెద్దాయన నవ్వుచు అనెడివాడు. ఆయన ఎడమచేతి చిటికెనవ్రేలితో నొక్కుట నేర్చుకొనెను.

అన్నింటికంటె నన్ను బాధించినది తెలుగు లేకపోవుట. తెలుగులో సందేశము వచ్చినచో తెరపై వరుసగా ఖాళీ గడులు కనబడెడివి. ఆండ్రాయిడ్‌లో తెలుగు అక్షరములు సరిగా కూర్చి చూపు ఏర్పాటు 2012 మధ్యలో వచ్చిన 4.1తో కలిగినది. అంతకు ముందటి ఫోనులకు ఆ యోగము లేదు. ఒపెరా మినీ అను బ్రౌజరులో అక్షరములను బొమ్మలుగా మార్చి చూపు మీట ఒకటి ఉండెను. దానిని నొక్కి తెలుగు పేజీలు ఎట్లో చదువుకొనెడివారము గాని, సందేశములకు ఆ ఉపాయము పనికిరాదు. అందుచేత తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి పంపెడివారము. ఇందులోని ప్రమాదము చూడుడు. "మందు వాడండి", "మందు వద్దండి" అను రెండు మాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో వాటి నడుమ తేడా ఒక్క "డి" అక్షరము మాత్రమే. ఇది కనిపెట్టిన పిదప నేను మందుల విషయమును సందేశముగా పంపుట మాని, మాటతోనే చెప్పుచుంటిని.

కొలతల సంగతి గ్రామోద్యోగులు గమనింపవలెను. ఈ ఫోనులలో ఉపగ్రహముల సాయముతో ఉన్న చోటు తెలుపు జి.పి.ఎస్. ఉన్నది. సిగ్నలు లేని పొలములో అది చోటు పట్టుకొనుటకు చాల సేపు పట్టును. పట్టుకొన్న తరువాత కూడ కొన్ని మీటర్ల తేడా సహజము. ఎకరము చదరముగా నున్నచో ఒక్కొక్క ప్రక్క సుమారు 64 మీటర్లు ఉండును. ఒక ప్రక్కన గీత 5 మీటర్లు జరిగినచో 8 సెంట్లు అటో యిటో పోయినట్లే. ఏ చేలో ఏ పంట ఉన్నదో గుర్తించుటకు ఈ కొలత చాలును. గట్టు తగాదా తీర్చుటకు చాలదు. తెరపై గీత చూపి హద్దు తేల్చబోయిన చోట తగవు పెరుగుటయే నేను చూచితిని.

ఇప్పుడు ముందు చెప్పిన పొరపాటుకు వచ్చెదను. 2014లో నేను మరియొక ఫోను కొని, పాతదానిని పల్నాటి సీమలో నా మండలమునందలి ఒక కౌలు రైతునకు ఇచ్చితిని. ఆయన ఊరు కార్యాలయమునకు పదునెనిమిది కిలోమీటర్లు. రెండెకరముల మిరప. వాట్సాప్ ఆ ఫోనులో పనిచేయుచుండెను గనుక, ఫోటోలు పంపినచో ప్రతిసారి నేను పోనక్కరలేదు, ఆయన రానక్కరలేదు అని ఇరువురము సంతోషించితిమి.

ఆ డిసెంబరులో ఒక సాయంకాలము ఫోటో వచ్చినది. వెనువెంటనే ఆయన పిలిచి, "సార్, మిరప ముడుచుకుంటా ఉంది, ఫోటో పెట్టా చూడండి" అన్నాడు. నేను నివేదిక వ్రాయు తొందరలో ఉంటిని. చూచితిని. తెల్లని తువ్వాలు మీద పరచిన నాలుగు ఆకులు. అంచులు పైకి లేచి పడవవలె కనబడుచున్నవి. మిరపలో ఆకులు పైకి ముడుచుకొనుట తామర పురుగుల లక్షణమని మీకును తెలియును. ఫిప్రోనిల్ కొట్టమని చెప్పి ఫోను పెట్టివేసితిని.

తొమ్మిదవ దినమున మరల పిలిచినాడు. ముడత తగ్గలేదు సరిగదా, చేనంతయు ప్రాకినది. మరునాడు పోయి చూచితిని. చెట్టు మీద ఆకులు క్రిందికి ముడుచుకొని, తిరగబడిన పడవలవలె నుండెను. కాడలు సాగినవి. ఆకులు ముదురు పచ్చగా, పెళుసుగా నున్నవి. ఆకు అడుగున భూతద్దము పెట్టగా తెల్లనల్లి. కంటికి ఆనని ఈ పురుగు మిల్లీమీటరులో అయిదవ వంతు ఉండును. నేను చెప్పిన మందు దీనికి పనిచేయదు.

జరిగినదేమనగా, ఆయన ఆకులను కోసి తువ్వాలు మీద బోర్లించి ఫోటో తీసినాడు. క్రిందికి ముడిచిన ఆకును బోర్లించినచో పైకి ముడిచినట్లే యుండును గదా. ఆకు అడుగుభాగమున ఈనెలు ఉబ్బి, రంగు కొంత వెలిసి యుండును. మంచి ఫోటోలో నైనచో అది అడుగుభాగమని తెలిసెడిది. ఆ కెమెరాలో ఈనెలు లేవు, రంగు లేదు, ఒక పచ్చని మసక మాత్రమే. అయినను తప్పు కెమెరాది అని నేననను. "చెట్టు మీద ఉన్నప్పుడు పైకి ముడిచిందా, కిందికా?" అని అడుగుటకు అర నిమిషము పట్టెడిది. అడుగలేదు.

లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరుగు గంధకమును, ఎండ తగ్గిన వేళ, ఆకు అడుగుభాగము తడియునట్లు కొట్టించితిని. క్రొత్త చివుళ్ళు మంచివే వచ్చినవి. కాని అప్పటికే ఒక విడత పూత రాలినది. మొదటి మందు, కూలి కలసి సుమారు మూడు వేల రూపాయలు మట్టిపాలు. పంట తగ్గినను కౌలు తగ్గదు. ఆయన నన్ను ఒక్క మాట తూలలేదు. "ఫోనుకి కనపడలేదంటే సరే సార్, మీరొచ్చుంటే కనపడేదిగా" అన్నాడు. నేను బదులు చెప్పలేకపోతిని.

అటు తరువాత ఆ ఫోనుతోనే సరియగు ఫోటో తీయుట ఎట్లని మేమిరువురము కొంత శ్రమపడితిమి. పాత ఫోను గలవారికి ఇది తప్పక ఉపయోగపడును. ఆనాటి చవుక ఫోనుల కెమెరాకు దృష్టి సవరించుకొను శక్తి లేదు. చత్వారము వచ్చిన పెద్దలు పుస్తకమును చేయి చాపి దూరముగా పెట్టి చదువునట్లు, దానికి దూరపు వస్తువులే స్పష్టము. తెగులు బాగుగా కనబడవలెనని ఫోనును ఆకు దగ్గరకు తీసికొనిపోయిన కొలది బొమ్మ మసకబారును. చత్వారమునకు అద్దములు పెట్టుకొన్నట్లే దీనికిని ఒక అద్దము పెట్టవలెను. మేము పురుగులను చూచుటకు వాడు పది రెట్ల భూతద్దము ఉన్నది గదా, దానిని కెమెరా కన్నునకు ఆనించి పట్టుకొని, ఆకును అంగుళము దూరములో ఉంచి తీయుడు. ఈనెలేగాక, తామర పురుగులు కూడ గీతలవలె పడును. చేయి వణకకుండ మోచేతిని ప్రక్కటెముకలకు ఆనించి, తీయుటకు ముందు కెమెరా కన్నును మెత్తని పొడి గుడ్డతో తుడువవలెను. జేబులోని చెమట, పొగాకు పొడి, మందు జిడ్డు దానిపై చేరి పొగమంచువలె కప్పియుండును. మధ్యాహ్నపు ఎండలో తీసిన ఫోటోలో పచ్చ తెల్లబోవును. ఉదయముగాని, మీ నీడలోగాని తీయుడు.

ఆకును కోయక ముందే మొదట నిలిచియున్న చెట్టును మొత్తముగా తీయవలెను. తరువాత కొమ్మ మీదనే ఆకును తీయవలెను. పిదప కోసి, పైభాగము ఒకటి, అడుగుభాగము ఒకటి, ప్రక్కన ఒక రూపాయి నాణెము పెట్టి తీసి, ఏది పైభాగమో నోటితో చెప్పి పంపుడు. ఫోటోతో పాటు విత్తిన తేదీ, చివరిసారి కొట్టిన మందు పేరు చెప్పిననాడు సగము రోగము మాకు అక్కడనే తెలియును. 2021లో మన మిరప తోటలపై నల్ల తామర పురుగులు విరుచుకొని పడినపుడు ఈ రైతే పూలను తెల్ల కాగితము మీద దులిపి, రాలిన పురుగులను భూతద్దముతో ఫోటో తీసి పంపినాడు. అప్పటికి ఆయన చేతిలో కొడుకు కొనిపెట్టిన వేరొక ఫోను ఉండెను. భూతద్దము మాత్రము పాతదే. ఫోటోను చూచి పురుగును గుర్తించు జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ 2024 ఆగస్టు 15న ప్రారంభమైనది. దానికిని మీరు బోర్లించిన ఆకే పంపినచో, నాకు జరిగినది దానికి జరుగదని చెప్పుటకు వీలులేదు.

ఫోటో పోవు దారి లేని చోట ఫోను మాటకైనను పనికివచ్చును. కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 నంబరుకు ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు ఏ ఫోను నుండియైనను ఉచితముగా పిలిచి తెలుగులోనే మాటాడవచ్చును.

డబ్బు వ్యవహారములకు పాత స్మార్టు ఫోనును వాడకుడు. తయారీదారులు వాటికి రక్షణ సవరణలు పంపుట ఏనాడో మానిరి. తాళము తుప్పుపట్టిన పెట్టెలో నగలు దాచినట్లగును. అంతకంటె బొత్తాముల ఫోనులో ఇంటర్నెట్టు లేకుండ పనిచేయు *99# మేలు.

ఫోను నీటిలో పడినచో బియ్యపు డబ్బాలో పెట్టుట మన ఇండ్లలో అలవాటు. నేనును వరి మడిలో జారవిడిచి అట్లే చేసితిని. తవుడు పొడి చార్జింగు రంధ్రములో చేరి ముద్దకట్టి, నీటికి చెడనిది తవుడుకు చెడినది! వెంటనే ఆపుచేసి, బ్యాటరీ ఊడదీసి, గుడ్డతో ఒత్తి, గాలి తగులు నీడలో రెండు దినములు ఆరబెట్టిన చాలును. బ్యాటరీ ఉబ్బి మూత లేచినచో దానిని గ్రుచ్చకుడు, ఎండలో పెట్టకుడు, మరల చార్జింగు చేయకుడు. గడ్డివాముకు, పత్తి బోరెములకు దూరముగా ఉంచి, సర్వీసు దుకాణమున అప్పగింపుడు. మోటారు షెడ్డులో, పురుగుమందు డబ్బాల ప్రక్కన రాత్రంతయు చార్జింగు పెట్టుట పలుచోట్ల చూచుచున్నాను. అది ఈ దినమే మానవలెను.

నా పాత ఫోనులో వాట్సాప్ 2020 ఫిబ్రవరి 1న నిలిచిపోయినది. ఆండ్రాయిడ్ 2.3కు ఆ దినముతో సహాయము ఆపివేసిరి. ఆ రైతు దానిని పారవేయలేదు. బ్యాటరీ రెండుసార్లు మార్చి, ఇయర్ ఫోను తీగకు మరొక రాగితీగ ముడివేసి, కాపలా మంచె కర్రకు కట్టినాడు. మొన్న నేను పోయినపుడు అందులో ఆకాశవాణి వచ్చుచుండెను. చేతిలో ఒక మిరప కొమ్మ పట్టుకొని ఎదురువచ్చి, "ఫోటో తీయలా సార్, మీరే వస్తారని కొమ్మ కొయ్యకుండా చెట్టుకే గుడ్డ కట్టి ఉంచా, ఇది పక్క చెట్టుది" అన్నాడు. గుడ్డ కట్టిన చెట్టు దగ్గరకు నడిచితిమి.