బిడ్డ సరే... తల్లి ఎలా ఉంది?

కాన్పు కాగానే ఇంటిల్లిపాది చూపూ ఉయ్యాల మీదికి మళ్లుతుంది. మంచం మీదున్న మనిషికి పథ్యం పెడతారు, జాగ్రత్తలు చెబుతారు. ఆమె మనసులో ఏముందో అడిగేవాళ్లు మాత్రం అరుదు.

కాన్పయిన మూడు రోజుల్లో దాదాపు ప్రతి బాలింతా వినే మాట ఒకటుంది: 'పాలు సరిపోవట్లేదేమో!' బిడ్డ ఏడిస్తే ఆ మాట, నిద్రపోకపోతే ఆ మాట, మరీ ఎక్కువసేపు పడుకున్నా ఆ మాటే. అత్తగారు అంటుంది, చూడ్డానికొచ్చిన పిన్నిగారు అంటుంది, ఆస్పత్రిలో పక్క మంచానికి తోడుగా వచ్చిన ముసలమ్మ కూడా అంటుంది. ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. వినే తల్లికి మాత్రం అది తీర్పులా తగులుతుంది.

నిజానికి మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చెంచాల లెక్కన వస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకి అవి చాలు. పాలు నిండుగా పడేది ఆ తర్వాతే. సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. సరిగ్గా అదే సమయానికి, నెలల తరబడి పెరుగుతూ వచ్చిన ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోయి ఉంటాయి. నిద్ర ఉండదు. కుట్లు సలుపుతుంటాయి. ఎందుకో తెలియకుండానే కన్నీళ్లు వస్తుంటాయి. అలాంటప్పుడు ఆ మాట చెవిన పడుతుంది. సాయంత్రానికల్లా పాలపొడి డబ్బా ఇంట్లోకి వచ్చేస్తుంది. డబ్బా పాలు నేరమేమీ కాదు, అవసరమైతే డాక్టరే రాస్తారు. కానీ 'నా బిడ్డకి కడుపునిండా పాలు కూడా ఇవ్వలేకపోయాను' అన్న దిగులు అంత తేలిగ్గా పోదు. పిల్లలు ఇంటర్‌కి వచ్చాక కూడా ఆ సంగతి చెబుతూ కొంగుతో కళ్లొత్తుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇంకో మాట ఉంది. 'బిడ్డ ముఖం చూశావంటే అన్నీ మర్చిపోతావు.' కొందరు మర్చిపోతారు కూడా. మరికొందరికి ఆ ముఖం చూసినప్పుడు కలిగేది భయం. ఇంత చిన్న ప్రాణం, మెడ నిలవదు, దీన్ని నేను పెంచాలా అని. ఇంకొందరికి ఏమీ అనిపించదు. వారానికో నెలకో, బిడ్డ వేలు పట్టుకుని వదలనప్పుడో, స్నానం చేయించి ఒళ్లో వేసుకున్నప్పుడో మెల్లగా ప్రేమ మొదలవుతుంది. ఇది మామూలేనని ముందుగా చెప్పినవాళ్లు ఉండరు. అందుకే ఆ తల్లి తనలోనే ఏదో లోపం ఉందనుకుని నోరు మూసుకుంటుంది.

కడుపు కోసినా ఆపరేషన్ కాదట!

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద 21.5. ఇన్ని అవసరమా అన్నది వేరే చర్చ, జరగాల్సిన చర్చే. ఇక్కడ నా బాధ వేరు. అపెండిక్స్ తీయించుకున్న మనిషిని చూడ్డానికి వెళ్తే 'లేవకు, పడుకో' అంటాం. పొట్ట మీద కోత, దాని కింద గర్భసంచికి మరో కోత పడ్డ బాలింత మాత్రం గంటల్లోనే బిడ్డని ఎత్తుకోవాలి, పాలివ్వాలి, రెండో రోజుకి నడవాలి, వచ్చినవాళ్లని చూసి నవ్వాలి. పైగా 'నీకు నొప్పులేం తెలుసు, మేం ఆరుగురిని కన్నాం' అన్న ఎత్తిపొడుపు ఒకటి.

మనుషులు పోయారు, నియమాలు మిగిలాయి

బాలింత ఆచారాలన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలన్న పద్ధతిలో, ఖర్చంతా ఆడపిల్లవారి నెత్తిన పడేయడాన్ని పక్కనపెడితే, చాలా మంచి ఉంది. మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా ఆ పిల్ల పొయ్యి దగ్గరికి వెళ్లక్కర్లేదు. ఒకరు నీళ్లు కాచేవారు, ఒకరు బిడ్డకి నలుగుపెట్టి కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసేవారు, ఒకరు సాంబ్రాణి పొగ వేసేవారు. శొంఠి, వాము, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి వేసి ఉడికించిన కాయం ముద్ద పొద్దున్నే చేతిలో పెట్టేవారు. తినడం, పాలివ్వడం, పడుకోవడం... ఆమెకి అంతే పని.

ఇప్పుడు మియాపూర్‌లోనో మధురవాడలోనో రెండు పడగ్గదుల ఫ్లాటు. అంతమంది చేసిన పని అమ్మ ఒక్కతే చేయాలి. నాన్నకి మందులు అందించేదీ ఆవిడే. మనుషులు తగ్గినా నియమాలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. చెవుల్లో దూది పెట్టుకున్నావా? పప్పు తింటే వాతం. పెరుగు తింటే పిల్లకి జలుబు. నీళ్లెక్కువ తాగితే పొట్టొస్తుంది. ఇవన్నీ వీడియో కాల్‌లో దిగుతుంటాయి. పాలిచ్చే తల్లికి దాహం వేస్తుంది, మలబద్ధకమైతే కుట్లు నొప్పెడతాయి, నీళ్లు తాగాల్సిందేనని డాక్టరు చెప్పినా వినేవారుండరు. ఆచారంలో సుఖపెట్టే భాగం జారిపోయి, కట్టడి చేసే భాగం మిగిలింది. ఈ మధ్య మా బంధువులింట్లో బారసాలకి నూతిలో చేద వేయించాల్సి వస్తే, నుయ్యి లేక, బాత్రూం పంపుకి పసుపు కుంకుమ పెట్టి బకెట్‌లో చెంబు ముంచారు. అందరం నవ్వాం. బాలింత కూడా నవ్వింది. మూడు వారాల్లో ఆ పిల్ల నవ్వగా చూడటం అదే మొదలని తర్వాత వాళ్లమ్మ చెప్పింది.

ఇలాంటి అమ్మ సంగతీ చెప్పాలి. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. కూతురు డల్లాస్‌లో ఉంటే కాయం డబ్బా, కారప్పొడి, పాతచీరల మెత్తలు సూట్‌కేసులో సర్దుకుని విమానమెక్కుతుంది. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆ గడువు చుట్టూ మన కుటుంబాలు ఒక లెక్క అల్లుకున్నాయి: మొదటి ఆరు నెలలు అమ్మాయి తల్లిదండ్రులు, వాళ్లు దిగిపోగానే అబ్బాయి తల్లిదండ్రులు. డ్రైవింగ్ రాదు, బయట చలి, మాట్లాడటానికి మనిషి లేదు. పగలు వంట, రాత్రి మనవడు. కూతురికి కోపమొస్తే విసుక్కునేది ఈవిడ మీదే. ఇంటికి ఫోన్ చేస్తే 'బాగానే ఉన్నాం' అంటుంది. ఇద్దరు తల్లులు, ఒకే ఇంట్లో, ఒకరికొకరు చెప్పుకోకుండా ఏడుస్తున్న ఇళ్లు ఎన్నో. 'మీరెలా ఉన్నారమ్మా' అని అడగాల్సిన వరసలో రెండో మనిషి ఈవిడే.

రెండు వారాలు దాటితే...

కాన్పు తర్వాత కొద్దిరోజులు దిగులుగా ఉండటం సగానికి పైగా తల్లుల్లో కనిపిస్తుంది. రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకుండా, బిడ్డ పడుకున్నా తను పడుకోలేక, ఆకలి చచ్చి, దేనిమీదా ఆసక్తి లేక, 'నేను లేకపోతేనే వీళ్లకి నయం' అనిపించేదాకా వస్తే అది జబ్బు. పేరు ప్రసవానంతర డిప్రెషన్. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలని కలిపి చూసి 2017లో వేసిన అంచనా ప్రకారం నూటికి 22 మంది తల్లుల్లో ఇది ఉంది. అయిదుగురిలో ఒకరు. వెయ్యిలో ఒకరిద్దరికి ఇంకా తీవ్రంగా, లేనివి కనిపించడం, వినిపించడం దాకా వెళ్తుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించే ఇళ్లున్నాయి. అది గంటల మీద ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన పరిస్థితి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనీ విడదీయకుండా చేర్చుకుని చికిత్స చేసే విభాగమే ఉంది.

డిప్రెషన్‌ని కనిపెట్టడం కష్టమా అంటే కాదు. 1987లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు. గడచిన ఏడు రోజుల్లో నవ్వగలిగావా, నిష్కారణంగా నిన్ను నువ్వు నిందించుకున్నావా, ఇలాంటివి. అయిదారు నిమిషాల పని. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ ఉన్న ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు రావాలి. బిడ్డ బరువు చూస్తుంది, తల్లికి జ్వరముందా, రక్తస్రావం ఉందా అని అడుగుతుంది. ఆ పది ప్రశ్నలూ అక్కడే అడిగిస్తే ఎంతమంది బయటపడతారో! బిడ్డ టీకాల కార్డు తప్పకుండా చూసే పిల్లల డాక్టర్లు కూడా, ఎదురుగా కూర్చున్న తల్లిని ఒక్క మాట అడగొచ్చు.

భర్తల గురించి రాయకపోతే అన్యాయమవుతుంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 నుంచి 26 వారాలకి పెరిగింది. పితృత్వ సెలవు కేంద్రప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు. ప్రైవేటులో కంపెనీ దయ. సెలవుంటే మాత్రం? 2024 కాలవినియోగ సర్వేలో, ఇంట్లోవాళ్ల సంరక్షణ చూసే 15-59 ఏళ్ల ఆడవాళ్లు రోజుకి 140 నిమిషాలు దానికి పెడుతుంటే, మగవాళ్లు 74 నిమిషాలు పెడుతున్నారు. ఇది అసలు ఆ పనికి చేయి వేసిన మగవాళ్ల లెక్క. వేయనివాళ్లు ఇందులో లేనేలేరు. రాత్రి రెండింటికి డైపరు మార్చడానికి ఆడపుట్టుక అక్కర్లేదు.

ఈసారి బాలింతని చూడ్డానికి వెళ్తే బిడ్డకి గౌను కొనకండి, ఇప్పటికే చాలా వచ్చి ఉంటాయి. ఒక పూట కూర, చారు క్యారేజీలో తీసుకెళ్లండి. ముందు తల్లిని పలకరించండి. పాల ఊసెత్తకండి. అరగంటలో లేచి వచ్చేయండి. ఆ ఇంటి అబ్బాయికి మాత్రం ఒక నంబరు ఇచ్చి రండి: టెలీ మానస్, 14416. కేంద్రప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు.