ముడుమాల్ నిలువురాళ్ల సందర్శన – పాపన్నపేట వాసులకు సూచనలు

ఏడుపాయల వనదుర్గా క్షేత్రం నెలకొన్న పాపన్నపేట మండలం నుండి చరిత్ర పూర్వయుగ స్థలాన్ని చూడదలచిన విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, చరిత్రాభిమానులకు నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోని ముడుమాల్ గ్రామం దర్శనీయ స్థలం.

కృష్ణా నది సమీపాన పది అడుగులకు పైబడిన సుమారు 80 నిలువురాళ్లు, వరుసలుగా పేర్చిన వేలాది చిన్న రాళ్లు ఇక్కడ ఉన్నాయి. ఇవి సుమారు 3,500 సంవత్సరాల నాటివని పరిశోధకుల అంచనా. ఒక రాతిపై గల గుంతలు సప్తర్షి మండలాన్ని సూచిస్తున్నాయని వారు గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ఈ స్థలానికి చోటు లభించింది.

రాళ్ల వరుసలు ఆయనాంతాలలో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిశలకు అనుగుణంగా ఉన్నాయి. జూన్ 21 నాటికి వర్షాకాల మేఘాలు అడ్డురావచ్చును. కనుక డిసెంబరు 21, 22 తేదీలు అనుకూలమైనవి. మెదక్, హైదరాబాద్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా వెళ్లవలసి ఉంటుంది. సూర్యోదయాన్ని చూడగోరేవారు ముందురోజే బయలుదేరి మక్తల్‌లోగాని, రాయచూరులోగాని బస చేయుట మేలు. తాగునీరు, భోజనం వెంట తీసుకొని వెళ్లవలెను.

వ్యవసాయ పనుల వలన ఇక్కడి రాళ్లు ఎన్నో ఇప్పటికే కనుమరుగైనవి. చిన్న రాయిని కదిలించినా వరుస చెదిరి, దాని దిశ తెలిపే ఆధారం శాశ్వతంగా పోతుంది. కావున రాళ్లపై ఎక్కుట, పేర్లు చెక్కుట, సుద్దతో గీయుట తగదు. గ్రామస్థులు ఒక రాతిని ఎల్లమ్మగా కొలుస్తున్నందున వారి విశ్వాసాన్ని గౌరవించవలెను. పొలాలలోని పైరును తొక్కరాదు.